ఆస్పరిలో మిగిలిన మాట

ఆదోని నుంచి ఎమ్మిగనూరు వచ్చే బస్సులో మొన్న వాడి గొంతు విన్నాను.

నా ముందు సీట్లో ఒక పెద్దావిడ ఫోను చెవికి ఆనించుకుని వింటోంది. చెవి మందమేమో, శబ్దం పూర్తిగా పెంచింది. మొదట కంజర, తర్వాత జనం చప్పట్లు, ఆపైన ఒక పిల్లవాడి గొంతు. మగవాడి గొంతుగా మారుతూ మధ్యమధ్య కీచుమనే వయసు. మాట ఎత్తుకునే ముందు ఒక ఊపిరి తీసుకుని, "సరిగ్గ సెప్పల్లంటే..." అన్నాడు.

నేను సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. ఆ ఊపిరిని ఎక్కడ విన్నా గుర్తుపడతాను.

పెద్దావిడ వెనక్కి తిరిగింది. నా ఒళ్లో ఉన్న పరిశుద్ధ గ్రంథం చూసి ముఖం విప్పారింది.

"వందనాలు మా. ఇన్నావా ఈ పిల్లోన్ని? ఆస్పరి కూటాల్లో సెప్పినాడంట. సన్న పిల్లోడు, ఏందో సొల్యూషన్ పీల్సుకుంటా పాడైపోతాంటే, డాక్టరు లేకుండా, మందు లేకుండా దేవుడే బాగుసేసినాడంట. మా మనవనికి దినామ్మూ ఇనిపిస్తాండా."

"మీ మనవనికి ఏమైంది మా?"

"ఏమని సెప్దు. పదో తరగతి. గుట్కా నముల్తాడు, సెల్లు ఇడిసిపెట్టడు. నిద్ర రాదంటాడు, ఉన్నట్టుండి ఏడుస్తాడు. కర్నూల్లో మాత్రలు రాసిచ్చినారు. ఈ పిల్లోనికి అక్కర్లేని మాత్రలు మావానికి మాత్రం యాల అని ఆపేసినా. మంచి పనే సేసినాను గదా?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఈ పిల్లోడు నాకు తెలుసు మా. ఆదివారపు బడిలో నా కాడే వాక్యం నేర్సుకున్నాడు. వాడు మాత్రలు మింగినాడు. మింగినన్నాళ్లు బాగుండె. ఇంటికి పోయి మీ మనవనికి మాత్రలు మళ్లా ఇయ్యండి. ప్రార్థనా సెయ్యండి, మాత్రలూ ఇయ్యండి."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆ పిల్లోడే సెప్తాండాడు గదా, మందు లేదని? నీ మాట నమ్మల్లా, వాని మాట నమ్మల్లా? నువ్వు యా సంఘం మా?"

ఇంతలో ఆమె ఊరు వచ్చింది. దిగిపోయింది. మాత్రలు మళ్లీ ఇచ్చిందో లేదో నాకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. వాడి పేరు రాయను. రాస్తే ఆ వీడియోను వెతుక్కుని మళ్లీ చూస్తారు.

వాళ్లది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. వాళ్లమ్మ ఒక పెద్ద జబ్బు నుంచి లేచాక మా సంఘంలో చేరింది. నాన్న చేరలేదు. మా సంఘకాపరిని మేమంతా అయ్యగారు అంటాం. ఆయన పిలవడానికి వెళ్తే ఆ తండ్రి మగ్గం గుంటలోంచి లేవకుండానే నవ్వేవాడు. "పడుగు మీద ఉండా అయ్యగారూ. మీ దేవునికి నా తట్టు నుంచి ఒక దండం పెట్టండి. ఆయనా వడ్రంగి పని సేసినాయనే గదా, పని ఇడిసి రాలేకపోతే అర్థం సేసుకుంటాడు."

కొడుకు మాత్రం తల్లి వెంట వచ్చేవాడు. చొక్కాకు మెడ గుండీ కూడా పెట్టుకుని, తలకు నూనె దండిగా పట్టించుకుని వచ్చి, చాపమీద ముందు వరసలో కూర్చునేవాడు. ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు బొటనవేలితో చూపుడువేలి కణుపును నలిపేవాడు, నూలు పోగు మెత్తనో గరుకో చూసినట్టు. తర్వాత ఆ ఊపిరి. ఆ తర్వాత "సరిగ్గ సెప్పల్లంటే". బాగున్నావా నాయనా అని పలకరిస్తే మిగతా పిల్లలు బాగున్నామక్కా అంటూ పరుగెత్తిపోయేవారు. వాడు నిలబడి ఆలోచించేవాడు.

"సరిగ్గ సెప్పల్లంటే అక్కా, పొద్దున బాగుంటి. ఇప్పుడు కొంచెం బాగల్యా. మాపటికి ఎట్లుంటానో తెల్దు."

పిల్లలు వాడికి తక్కెడ అని పేరు పెట్టారు. "తక్కెడ వచ్చినాడప్పా, మాటలు తూకమేసి మాట్లాడండి" అని ఏడిపించేవారు. వాడికి కోపం వచ్చేది కాదు. ఒకసారి అందరూ వెళ్లిపోయాక నన్నడిగాడు.

"తక్కెడంటే మంచిదే గదక్కా?"

"మంచిదే."

"మంచి తక్కెడైతే ఒక కాడ నిలబడల్ల గదా. నాది ఊగుతానే ఉంటాది."

అప్పుడు వాడికి పన్నెండేళ్లుంటాయేమో. పిల్లల మాటల్లో అదొకటి అనుకుని నవ్వుకున్నాను.

వాళ్ల నాన్న నాకు చెప్పిన ముచ్చట ఒకటుంది. గుంతకల్లు నుంచి పెండ్లి చీరకోసం ఒక కుటుంబం వాళ్లింటికి వచ్చిందట. చీర నచ్చింది, బేరం కుదిరింది. వీడు బొటనవేలు నలుపుకుంటూ ముందుకొచ్చి, "అన్నా, కుచ్చిళ్ల కాడ ఒక పోగు తెగింది. సూసి కొనుక్కో" అన్నాడట.

"ఒరే, నువ్వు నా ఇంట్ల పుట్టినావా, బేరగాళ్ల ఇంట్ల పుట్టినావా?" అని తండ్రి గుడ్లురిమితే, "తెగిందని పొద్దున నువ్వే అమ్మతో అంటివి గద నాయనా" అన్నాడట. వచ్చినవాళ్లు పడీపడీ నవ్వి ఆ చీరే తీసుకుపోయారు. తండ్రి ఈ మాట తిడుతున్నట్టు మొదలుపెట్టి మురిసిపోతూ ముగించేవాడు. మగ్గం దగ్గరికి ఎవరొచ్చినా చెప్పేవాడు.

ఆరాధనలో మేం ఒక పాట పాడేవాళ్లం. నాకున్నవన్నీ నీకే ఇచ్చేశాను ప్రభువా అనే అర్థం వచ్చే చరణం అందులో ఉంది. ఆ చోటు రాగానే వాడు నోరు మూసుకునేవాడు. చరణం దాటాక మళ్లీ అందుకునేవాడు. కొన్ని వారాలు చూసి అడిగాను, మరిచిపోయావా అని.

"మరిచిపోలేదక్కా. నేను అన్నీ ఇయ్యలేదు గదా. ఇచ్చినానని పాడితే అబద్ధమైతాది."

"పాటంటే ప్రార్థన రా. సాక్ష్యం కాదు."

"ఐతే ఇచ్చేటట్టు సెయ్యి అని పాడల్ల. ఇచ్చినాను అని యాల?"

ఆ చరణం వచ్చినప్పుడు ఇప్పుడు నా గొంతు కూడా తగ్గిపోతుంది.

ప్రభువు ఒక గుడ్డివాణ్ని రెండు విడతలుగా బాగుచేసిన కథ చెప్పిన రోజు బాగా గుర్తుంది. మొదటిసారి చెయ్యి ఉంచి ఏమైనా కనిపిస్తోందా అని అడిగితే, మనుషులు కనిపిస్తున్నారు గానీ చెట్లు నడుస్తున్నట్టున్నారు అంటాడు వాడు. ప్రభువు మళ్లీ చెయ్యి ఉంచుతాడు. అప్పుడు అన్నీ తేటగా కనిపిస్తాయి. కథ అయ్యాక, మీకు ఎవరు నచ్చారు అని పిల్లలను అడిగాను. అందరూ యేసయ్య అన్నారు. ఆదివారపు బడిలో ఏ ప్రశ్నకైనా యేసయ్య అంటే తప్పుకాదని వాళ్లకు తెలుసు. వీడు మాత్రం గుడ్డివాడు అన్నాడు.

"యాల?"

"బాగ కనపడతాండాదా అని దేవుడే ఎదురుగ నిలబడి అడిగితే, ఎవడైనా మొగమాటానికి ఆ, బాగ కనపడతాండాది సామీ అంటాడు. వీడు అన్లే. చెట్ల మాదిరి ఉండారు అన్నాడు. అట్ల అన్నాడు కాబట్టే రెండోసారి చెయ్యి పెట్టె. వాడు శానా మంచోడక్కా."

నేను చిన్నప్పటినుంచి కూటాల్లో వాక్యం వింటున్నదాన్ని. ఈ కథ మీద అంత మంచి ప్రసంగం ఇంతవరకు వినలేదు.

పదో తరగతి తర్వాత ఆదోనిలో ఇంటర్‌లో చేరాడు. రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాడు. ఆదివారం రావడం తగ్గింది. వచ్చినా వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మెడ గుండీ లేదు. ముక్కు కింద చర్మం పొక్కి ఎర్రగా ఉంది. దగ్గరికి వస్తే పంక్చరు షాపు వాసన. ఒకరోజు ఆరాధన అయ్యాక నిలబెట్టి అడిగాను. వాడికి అబద్ధం రాదు కనుక ఎక్కువ అడగాల్సిన పని లేకపోయింది.

"సరిగ్గ సెప్పల్లంటే, పంక్చరు సొల్యూషన్ పీలుస్తాండా అక్కా. కాలేజీ కాడ పిల్లోళ్లు నేర్పిరి."

"యాల నాయనా?"

చాలాసేపు వేలు నలుపుకున్నాడు.

"తలకాయలో ఒకడు కూర్సోనుండాడక్కా. పొద్దున లేసినప్పట్నుంచి అడుగుతానే ఉంటాడు. ఇప్పుడు నువ్వు అనుకున్నది పాపం గాదా అంటాడు. ఒప్పుకుంటా. సరిగ్గ ఒప్పుకున్నావా అంటాడు. మళ్లా ఒప్పుకుంటా. మనసు పెట్టి ఒప్పుకున్నావా అంటాడు. మోకాళ్ల మీద నుంచి లేసి వాకిలి దాటేలోపల మళ్లా మోకాళ్లేస్తా. బస్సు పోతాది. పరీక్ష పోతాది. ఇది పీలిస్తే వాడు కొంచేపు నోరు మూసుకుంటాడు."

"వాడు దేవుడు కాదు రా."

"దేవుని గొంతుతోనే మాట్లాడ్తాడక్కా."

ఒళ్లు కాలితే జ్వరమని ఎవరికైనా తెలుస్తుంది. మనస్సాక్షికి కూడా జ్వరం వస్తుందని అప్పటిదాకా నేను ఎరగను. పాపపు ఒప్పుకోలు, మారుమనస్సు, మోకాళ్ల ప్రార్థన, ఇవన్నీ మేం పిల్లలకు అన్నంలా పెట్టినవి. ఈ ఒక్క పిల్లవాడి లోపల ఆ అన్నమే వాణ్ని తింటోంది.

ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లి ఇద్దరికీ చెప్పాను. తల్లి అక్కడే కూలబడి ప్రార్థన మొదలుపెట్టింది. తండ్రి మగ్గం మీద గుడ్డ కప్పి చొక్కా వేసుకున్నాడు. మర్నాడే కొడుకును ఆదోనిలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. వీధిలో వాళ్లు పిచ్చి డాక్టరంటారే, ఆయన దగ్గరికి. ఇది కూడా ఒక జబ్బేనని, రోజూ మాత్రలు వేసుకోవాలని, తాను చెప్పేదాకా ఆపకూడదని, నెలనెలా రమ్మని ఆయన చెప్పాడు. తల్లి ఉపవాసం పట్టింది, తండ్రి మాత్రలు పట్టాడు. ఇద్దరూ రెండువైపుల నుంచి వాణ్ని పట్టుకున్నారు.

బాగయ్యాడు. కొన్ని నెలలు పట్టింది గానీ బాగయ్యాడు. ముక్కు కింద పొక్కు మానింది. మెడ గుండీ మళ్లీ వచ్చింది. లోపలున్నవాడి సంగతేమిటని నేను మెల్లగా అడిగితే నవ్వాడు.

"సరిగ్గ సెప్పల్లంటే, ఉండాడక్కా. పోల్యా. ఐతే ఇంట్లోనుంచి లేసి అరుగు మీద కూర్సున్నాడు. వాని పాటికి వాడు గొణుక్కుంటాంటాడు. నేను ఇంట్లో పండుకుంటా."

అది నేను చూసిన మొదటి స్వస్థత కాదు. కానీ దేవుడు నెమ్మదిగా, మనుషుల చేతుల మీదుగా పనిచేయడం అంత దగ్గరగా చూడటం మొదటిసారి.

ఆ ఎండాకాలం మా సంఘంలో ఉపవాస కూటాలు పెట్టారు. బయటి జిల్లా నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మంచి గొంతు, మంచి ఉత్సాహం. పిల్లవాడి తల్లి వాణ్ని సాక్ష్యానికి నిలబెట్టింది. మా కూటాల్లో సాక్ష్యం అంటే, ప్రభువు నాకు ఈ మేలు చేశాడని నలుగురిలో మైకు పట్టుకుని చెప్పడం. వాడు వేలు నలుపుకున్నాడు, ఊపిరి తీసుకున్నాడు.

"సరిగ్గ సెప్పల్లంటే, దేవుడు మా నాయనకు ఒక డాక్టరును సూపిచ్చినాడు. ఆయప్ప ఇచ్చిన మాత్రలు..."

ప్రసంగీకుడు మైకు అందుకున్నాడు. "ఏ డాక్టరు? ఏ మాత్ర? ఈ బిడ్డను ముట్టింది ప్రభువు హస్తం! డాక్టరు లేకుండా, మందు లేకుండా! అవునా కాదా చెప్పు బాబూ!"

జనం లేచి నిలబడ్డారు. కంజర మోగింది. మైకు మళ్లీ వాడి నోటి దగ్గరికి వచ్చింది. వాడు తల్లివైపు చూశాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి ఆనందంతో ఏడుస్తోంది. "అవును" అన్నాడు. చాలా చిన్నగా అన్నాడు గానీ మైకు పెద్దగా వినిపించింది.

తర్వాత పెద్దకడుబూరు నుంచి పిలుపు వచ్చింది. ఫలానా పిల్లవాడు మందు లేకుండా బాగైన సాక్ష్యం చెప్తాడని ముందే చాటారు. వాడు అలాగే చెప్పాడు. కొన్ని వారాలకు ఆస్పరిలో కూటాలు. అక్కడా చెప్పాడు. ఆ వీడియో తీసింది అక్కడే.

ఆస్పరి నుంచి వచ్చిన వారం ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. నేను వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తున్నాను. పక్కన కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టాడు. ముఖం తేటగా ఉంది. ఏదో పని ముగించినవాడిలా ఉన్నాడు.

"అక్కా, ఒక సంగతి. పెద్దకడుబూరులో సాక్ష్యం సెప్పినప్పుడు నా జేబులో మాత్రలుండె. మందు లేకుండా అని సెప్తాంటే అవి తొడకు తగుల్తాండె. నరకం మాదిరి ఉండె. ఇంటికొచ్చి ఆపేసినా. ఆస్పరిలో సెప్పినప్పుడు జేబులో ఏమీ ల్యా. నిజంగానే ల్యా. ఇప్పుడు సాక్ష్యం సరిపోయింది."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తప్పు మాటను తీసేయడం మానేసి, ఆ మాటకు సరిపోయేలా తన బతుకునే దిద్దుకున్నాడు. ఇలాంటి పొరపాటు దేవుణ్ని ఎరగని పిల్లవాడు చేయడు. అబద్ధాలాడే పిల్లవాడూ చేయడు.

"డాక్టరు ఆపొద్దన్నాడు గద రా! మీ అమ్మకు తెలుసా?"

"సెప్పినా. నా విశ్వాసం పెరిగిందని సంతోషపడింది."

"నాయనా, ఆ గుడ్డాయన సంగతి మరిసిపోయినావా? చెట్ల మాదిరి ఉండారని ఒప్పుకున్నాడని నువ్వే అంటివి గదా. నువ్వూ అట్ల ఒప్పుకుంటే ఐపోతాది."

వాడు కాయల మీద నుంచి తల ఎత్తలేదు.

"ఆ గుడ్డోని చేతిలో మైకు లేదక్కా."

ఉన్న కాయలన్నీ ఒలిచేశాం. ఆ తర్వాత వాడే తేల్చుకున్నాడు. ముందు పెద్దకడుబూరు వెళ్లి, తర్వాత ఆస్పరి వెళ్లి, అదే జనం ముందు నిలబడి, మందు మింగాను అని చెప్పాలి. ఆ తర్వాతే మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలి. ముందు మింగు, తర్వాత చెబుదువు అని ఎంత బతిమాలినా వినలేదు.

"సెప్పకుండా మింగితే, ఆస్పరిలో సెప్పింది కూడా అబద్ధమైపోతాది. అప్పుడు రెండు అబద్ధాలు. వాడు అరుగు మీద నుంచి లోపలికొచ్చేస్తాడక్కా."

అయ్యగారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన నెమ్మదైన మనిషి. తల పట్టుకుని కూర్చున్నారు. మరుసటి ఆదివారమే సువార్త రాసిన వాళ్లలో ఒక వైద్యుడు ఉన్నాడు, మందు కూడా దేవుడి చేతిలోదే అని ప్రసంగించారు. ఆ పై వారం వాణ్నీ నన్నూ వెంటబెట్టుకుని పెద్దకడుబూరు వచ్చారు.

వాడు నిలబడ్డాడు. "పోయినసారి ఈడ అబద్ధం సెప్పినా. నేను డాక్టరు కాడికి పోయినా. మాత్రలు మింగినా. అవి మింగితేనే నాకు నిద్ర పట్టె. దేవుడు నాకు తోడుండె, అదీ నిజమే. మీరంతా నన్ను క్షమించండి."

వెనక నుంచి ఒక ముసలాయన అలవాటు కొద్దీ స్తోత్రం అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కూటమయ్యాక ఒక అవ్వ వాడి నెత్తిన చెయ్యి పెట్టి, "అబద్ధం సెప్పేటోళ్లను సూసినా, సెప్పి దాసిపెట్టుకునేటోళ్లను సూసినా. సెప్పినానప్పా అని బస్సెక్కి వచ్చి సెప్పేటోన్ని యాడా సూళ్ల్యా" అంది. ఆ రోజు వాడు జొన్నరొట్టె మీద రొట్టె తిన్నాడు. "ఒక ఊరు ఐపోయిందక్కా" అన్నాడు.

"ఇంక మాత్ర మింగు నాయనా."

"ఆస్పరి ఉంది గదక్కా."

ఆస్పరి సంఘపెద్దలు ఒప్పుకోలేదు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఇచ్చిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటే విశ్వాసంలో బలహీనులు తొట్రిల్లుతారని వాళ్ల భయం. పత్తి తీతలు అయిపోనీ, అప్పుడు మాట్లాడుకుందాం అన్నారు. ఒకరి సంఘంలో వాళ్ల సెలవు లేకుండా నిలబడటం క్రమం కాదని అయ్యగారు ఆగారు. వాడూ ఆగాడు. పత్తి ఆగలేదు, ఆ ఏడు వానలు ఆలస్యంగా పడి తీతలు సాగుతూనే ఉన్నాయి.

తండ్రి ఒకరోజు మా ఇంటి ముందుకు వచ్చి లోపలికి రాకుండానే నిలబడ్డాడు.

"టీచరమ్మా, నోట్లో పెట్టి నీళ్లు పోస్తా. మింగడు. ఉమ్మేస్తాడు. నిన్న కొట్టినా. పుట్టినప్పట్నుంచి ఒక దెబ్బ ఎయ్యలేదు వాన్ని. కొట్టినా. వాడేమో, కొట్టు నాయనా, ఆస్పరి ఐపోతానే మింగుతా అంటాడు. ఏం ఊరు మా అది? ఏముంది ఆడ?"

మాత్రలు మింగమని తల్లి పట్టుబట్టలేదు. దేవుడి పేరుతో ఇచ్చిన మాట కదా అంది. ఆమెను నేను తప్పుపట్టను. మేమే ఆమెకు అలా నేర్పాం.

చివరిసారి వాణ్ని ఎమ్మిగనూరు బస్టాండులో చూశాను. మెడ గుండీ లేదు. ముక్కు కింద మళ్లీ ఎరుపు. నన్ను చూసి దాక్కోలేదు, దగ్గరికే వచ్చాడు.

"సరిగ్గ సెప్పల్లంటే అక్కా, మళ్లా మొదలుపెట్టినా. వాడు లోపలికొచ్చేసినాడు. తలుపేసుకోని కూర్సున్నాడు."

"ఇప్పుడే పోదాం రా నాయనా డాక్టరు కాడికి. నేనొస్తా."

"ఆస్పరి నుంచి ఏమన్నా కబురొచ్చిందా?"

"ఇంకా రాలేదు."

"సరే" అన్నాడు. ఆదోని బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాడు. ఆ సరే అనే మాటకు ముందు వాడు ఊపిరి తీసుకోలేదు, వేలు నలుపుకోలేదు. నాకు తెలిసి అలా అన్న మాట అదొక్కటే.

ఆ వారంలోనే ఆదోనిలో, ఒక పత్తి జిన్నింగు మిల్లు వెనక గోడ దగ్గర, పట్టపగలు పడిపోయాడు. తోటి పిల్లలే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆ ఆవిరికి గుండె ఉన్నట్టుండి ఆగిపోతుందని అక్కడ చెప్పారు. వాడికి పదిహేడేళ్లు.

మా సమాధుల తోట ఊరి అంచున ఉంది. పెట్టె దించే ముందు అయ్యగారు కొన్ని మాటలు చదువుతారు. ఈ బిడ్డను పునరుత్థాన నిరీక్షణతో ప్రభువు చేతికి అప్పగిస్తున్నాం అనే మాటలు. విశ్వాసిగా పోయినవాళ్లకే అవి చదువుతారు. అయ్యగారు పుస్తకం తెరుస్తుండగా సంఘపెద్ద ఒకాయన ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"అయ్యగారూ, అది పీలుస్తా పోయినాడు. సాక్ష్యం కూడా అబద్ధమని ఒప్పుకున్నోడు. ఆ మాటలు సదివేది... ఉత్త ప్రార్థన సేసి దించుదాం. రేపు వేరే సంఘాలోళ్లు అడుగుతారు."

మెల్లగానే అన్నాడు. కానీ తల్లి పెట్టె పక్కనే ఉంది. ఆమె ఏడుపు ఆగిపోయింది.

"చదవరా?" అంది. "అయ్యగారూ, చదవరా? ఐతే నా బిడ్డ ప్రభువు కాడికి పోల్యా? మాత్రలు మానేస్తే నేను సంతోషపడితి అయ్యగారూ. ఇంటింటికీ పోయి సెప్పుకుంటి. నా బిడ్డ యాడికి పోయినాడు? ఒక్క మాట సెప్పండి."

అయ్యగారు సగం తెరిచిన పుస్తకం వైపే చూస్తున్నారు. నేను ముందుకు అడుగు వేశాను. నాకు తెలిసిన వాక్యాలన్నీ ఆ క్షణంలో నా నోటి దాకా వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

అంతవరకు గేటు దగ్గరే నిలబడ్డ తండ్రి లోపలికి వచ్చాడు. భార్య భుజాలు పట్టుకుని లేపాడు. అయ్యగారికి ఎదురుగా నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"అయ్యగారూ, నాకు మీ వాక్యం తెల్దు. మీ దేవున్ని నేను ఏమీ అన్ను. నా కొడుకు ఒక్క అబద్ధాన్ని కడుపులో పెట్టుకోలేక సచ్చిపోయినాడు. ఆ అబద్ధం కూడా వానిది కాదు. అట్లాంటోన్ని మీ దేవుడు పెట్టుకుంటాడా, పెట్టుకోడా? పెట్టుకోనంటే ఇప్పుడే సెప్పమనండి. నాకే ఇచ్చెయ్యమనండి. నేను సూసుకుంటా. పీల్సుకుంటా ఉన్నా సూసుకుంటా, తలకాయ బాగలేకున్నా సూసుకుంటా. నాకు ఎట్లున్నా పర్వాలేదు."

సంఘపెద్ద తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అయ్యగారు పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టారు. ఈ బిడ్డను అనే మాట దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది. మిగతాది మేం అందుకున్నాం, ఆడవాళ్లు ముందు, తర్వాత మగవాళ్లు. తండ్రికి ఆ మాటలు రావు. కొడుకు పెట్టె మీద ఒక చెయ్యి ఉంచి, మా పెదవుల వైపు చూసుకుంటూ, ప్రతిసారీ మాకన్నా ఒక మాట వెనకపడి, ఆయన కూడా అంతా అన్నాడు.